కొల్లేటి గద్దకు దిగడానికి చోటేది?

కొల్లేరు అనగానే మన నాయకులకు గుర్తొచ్చేది అటపాక పెలికాన్. ఆ పక్షి మీద నాకు కోపం లేదు. దాన్ని ఒక్కదాన్నే చూపించి సరస్సంతా క్షేమంగా ఉందని జనాన్ని నమ్మించేవాళ్ల మీదే నా కోపమంతా. అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పాతిస్తే పెలికాన్ వాటి మీదే గూడు పెట్టుకుంది. గద్దకు అలా కుదరదు. దానికి లోతు లేని నీళ్లు కావాలి, తుంగ కావాలి, కిక్కిస పొదలు కావాలి, కప్పా పామూ ఎలుకా నీటికోడీ కావాలి, వాలడానికి ఒక ఎండుమాను కావాలి. ఇవన్నీ ఒకే చోట ఉంటేనే గద్ద దిగుతుంది.

నేను మాట్లాడుతున్నది ఊళ్లో కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్ద గురించి కాదు. పెద్ద చుక్కల గద్ద, పక్షుల్ని చూసేవాళ్లు గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్ అనేది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, కాలి వేళ్ల దాకా ఈకలు. పిల్లదైతే రెక్కల మీద బియ్యం చల్లినట్టు తెల్లటి చుక్కలు. తూర్పు ఐరోపా నుంచి సైబీరియా, మంగోలియా దాకా ఉన్న తడి అడవుల్లో పిల్లల్ని చేసుకుని, చలికాలం గడపడానికి దక్షిణాదికి, మన తీరపు చిత్తడి నేలల దాకా వస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పక్షులు 10,000 దాటవని అంచనా. 2022లో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ మీదుగా వెళ్లే ఈ గద్దలు దారి మార్చుకున్నాయనీ, మధ్యలో ఆగి సేదతీరడం తగ్గించేశాయనీ ఉపగ్రహ ట్యాగుల సాయంతో కనిపెట్టి 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫిరంగులు మోగుతున్న నేల మీద కూడా వాటి జాడ తీసేవాళ్లున్నారు. మన దగ్గర యుద్ధం లేదు. గద్ద దిగే చోటును మాత్రం ఎకరాల లెక్కన లీజుకిస్తున్నాం.

చేపల చెరువు కూడా నీళ్లే కదా, పక్షికి ఏం తక్కువ అని వాదించేవాళ్లు ఒక్కసారి గట్టు మీద నిలబడి చూడండి. గట్టు నిటారుగా తెగుతుంది, కాలు పెడితే నేరుగా లోతే. అంచున తుంగ మొలవనివ్వరు. చెట్టు ఉంచరు. కొంగలు రాకుండా చెరువు మీద నైలాన్ తాళ్లు, వలలు కడతారు, టపాకాయలు పేలుస్తారు. కొంగ కోసం కట్టిన తాడు గద్ద రెక్కను వదిలిపెడుతుందా? గుళికల మందు తిని పడిపోయిన కొంగను గద్ద తింటే ఆ విషం దాని కడుపులోకి పోదా? వేట పక్షి ఆహారపు గొలుసుకు చివర ఉంటుంది. కింద మనం కలిపిన ప్రతి చుక్కా పైకి చేరి దాని ఒంట్లోనే పేరుకుంటుంది. కిక్కిసలో నేల మీదే రాత్రిళ్లు తలదాచుకునే పిల్లి గద్ద అనే మరో వేట పక్షికైతే, ఆ కిక్కిస కొట్టేస్తే ఇల్లే పోయినట్టు.

చట్టం లేక కాదు ఇదంతా. 1999లో జీవో 120 ఇచ్చి, నేల ఎత్తును చూపే ఐదో కాంటూరు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యం చేసింది మన ప్రభుత్వమే. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్పించుకున్నదీ మనమే. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లను పేల్చారు. రెండేళ్లకే, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని అదే రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది! అంటే సగానికి మించి ఎగరగొట్టమని అడగడం. పేల్చిన గట్లు మళ్లీ లేచాయి. 2016లో వలస వేట పక్షుల్ని కాపాడతామని అంతర్జాతీయ ఒప్పందం మీద భారతదేశం సంతకం పెట్టింది. ఆ సంతకం కొల్లేటి లంకల దాకా రాలేదు.

మూడో కాంటూరంటే ఏమిటో తెలియకుండా అడుగుతున్నారని నేననుకోను. మూడుకూ ఐదుకూ మధ్య ఉన్నదే ఏటా మునిగి, ఏటా తేలే బాడవ నేల. కప్పలు గుడ్లు పెట్టేది అక్కడ, కొరమీను పిల్లలు పెరిగేది అక్కడ, గద్ద నడిచి వేటాడేదీ అక్కడే. దాన్ని కోసేసి నడుమ నీళ్లు మాత్రం మిగిల్చి అభయారణ్యం అంటే నేనొప్పుకోను.

ఇక పేదల పేరు. కొల్లేట్లో తరతరాలుగా వల వేసి బతికిన వడ్డి కులస్తుల బాధ నిజం. వాళ్లకు 1970లలో సొసైటీల పేరిట చెరువులు ఇచ్చారు, నిజమే. ఆ చెరువుల మీద ఇవాళ పెట్టుబడి ఎవరిది, లీజు ఎవరి చేతిలో ఉంది, లారీలు ఎవరివి? లంక గ్రామాల్లో ఎవరినడిగినా గొంతు తగ్గించి చెబుతారు. పేదవాడికి మిగిలింది కూలి, ఆ పైన కేసులు. వడ్డి వల వేసిన కాలంలో గద్ద కూడా బతికింది. ఇద్దరినీ వెళ్లగొట్టింది ఒకే పెట్టుబడి.

బెజవాడ వాళ్లకు ఇదంతా ఏలూరు జిల్లా గొడవ అనిపిస్తుందేమో. 2024 సెప్టెంబరు 1న వరదలో మునిగిన సింగ్‌నగర్‌లో మేడ మీద నీళ్ల సీసా కోసం చేతులు చాచిన వాళ్లనడగండి. ఇళ్లలోకి వచ్చిన ఆ బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. ఆ ముంపుకు గండ్లూ ఆక్రమణల్లాంటి కారణాలు చాలా ఉన్నాయి, కొల్లేరు ఒక్కటే కారణమని నేననను. కానీ బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే నీళ్లు పట్టే పళ్లేన్ని గట్లతో గదులు గదులుగా చేసి, ఆ నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ఒక్కదాని మీద భారం వేస్తే, వెనక ఊళ్లు ఎన్నాళ్లు పొడిగా ఉంటాయి? గద్దకు కావలసిన ఖాళీ నేలే వరదకూ కావాలి.

గద్దను తిరిగి తెచ్చుకోవడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో 1971 నాటికి పిల్లి గద్ద ఒక్క జంట మిగిలింది. దేశం మొత్తానికి ఒక్కటే. పురుగుమందులు మాన్పించారు, రెల్లు నేలల్ని కాపాడారు. ఇప్పుడక్కడ వందల జంటలున్నాయి. మనకు చేతకానిది అందులో ఏముంది?

ఐదో కాంటూరు వెంట రాళ్లు పాతండి. జిరాయితీ పట్టా నిజంగా ఉన్న రైతుకు న్యాయమైన పరిహారం ఇచ్చి ఆ భూమి తీసుకోండి, మాటలతో సరిపెట్టకండి. వడ్డి కుటుంబాలకు సంప్రదాయ వేట హక్కు రాసివ్వండి. అక్రమ చెరువు గట్టును కొట్టడమే కాదు, మళ్లీ కట్టిన పెట్టుబడిదారు మీద కేసు పెట్టండి, కూలివాడి మీద కాదు. చెరువుల మీద తాళ్లూ వలలూ తీయించండి. కుదింపు తీర్మానాన్ని శాసనసభే రద్దు చేసుకోవాలి. దాన్ని రద్దు చేస్తానని ఎన్నికల ముందు రాసివ్వని అభ్యర్థికి, ఏ పార్టీవాడైనా సరే, కైకలూరు నుంచి బెజవాడ దాకా ఒక్క ఓటూ పడకూడదు.