శరణార్థికి రెండు కొలబద్దలు తగవు

దేశం విడిచి వచ్చినవారికి మొదట కావలసినవి నాలుగు: గూడు, తిండి, వైద్యం, పనిచేసుకొనే అనుమతి పత్రం. వీటిని సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత. దాతల ఇష్టాయిష్టాలకు వదలదగినది కాదు. క్యూబా శరణార్థుల విషయంలో అమెరికా అనుభవం ఈ సత్యాన్నే రుజువు చేస్తున్నది.

1961లో కెన్నెడీ ప్రభుత్వం వారికై ప్రత్యేక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1962 నుండి 1974 వరకు మయామీలోని ఫ్రీడం టవర్ భవనంలో నమోదు, వైద్య పరీక్ష, సహాయం ఒకేచోట లభించాయి. 1966 నాటి చట్టం శాశ్వత నివాసానికి దారి చూపింది. సంకల్పం ఉంటే ప్రభుత్వ యంత్రాంగం ఎంత చక్కగా పనిచేయగలదో ఇది చాటింది. అయితే ఆ సంకల్పానికి మూలం మానవత ఒక్కటే కాదు, హవానాతో వైరం కూడా.

1980 ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు మరియెల్ రేవు నుండి సుమారు 1,25,000 మంది పడవలపై ఫ్లోరిడా చేరారు. పాత కేంద్రం అప్పటికే మూతపడింది. మయామీలో రహదారి వంతెన కింద గుడారాలు వెలిశాయి. వేలాదిమందిని సైనిక స్థావరాలకు తరలించారు. పూచీ పడే మనిషిని స్వచ్ఛంద సంస్థలు వెదికి పెట్టేవరకు వారికి విడుదల లేదు. బంధువులున్నవారు త్వరగా వెళ్లారు. ఎవరూ లేనివారు మిగిలారు. జూన్ 1న అర్కన్సాస్‌లోని ఫోర్ట్ చాఫీలో ఆ నిరీక్షణ అల్లర్లుగా బద్దలైంది.

అదే కాలంలో అదే తీరానికి హైతీ నిరుపేదలు కూడా పడవలపై వచ్చారు. వారిది కేవలం ఆర్థిక వలస అన్నారు. 1980 జూన్‌లో కార్టర్ ప్రభుత్వం ఉభయులకూ ఒకే తాత్కాలిక హోదా ప్రకటించింది. కాని 1981లో రీగన్ ప్రభుత్వం హైతీ పడవలను సముద్రంలోనే అడ్డగించి తిప్పిపంపడం మొదలుపెట్టింది. కడలి ఒక్కటే, కొలబద్దలు రెండు!

శరణార్థులు వస్తే తమ కూలి తగ్గుతుందని భయపడే కార్మికులు ఏ దేశంలోనైనా ఉంటారు. తలుపులు మూసినంత మాత్రాన ఆ భయం తీరదు. అనుమతి పత్రం లేనివాడే చౌక కూలికి తలవంచుతాడు. పత్రం చేతికి వచ్చినవాడు మన పక్కన నిలిచి న్యాయమైన వేతనం అడగగలడు.

మనకిది కొత్త పాఠం కాదు. 1971లో తూర్పు బెంగాల్ నుండి సుమారు కోటిమంది తరలివచ్చినప్పుడు, ఉత్తరంపై అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్లను అదనంగా అంటించవలసి వచ్చింది. రైలు ప్రయాణంపైనా పన్ను పడింది. ఆ భారాన్ని దేశమంతా పంచుకొన్నది. ఆ సొమ్ము మన తపాలా, రైల్వే ఉద్యోగుల చేతుల మీదుగానే వసూలైంది. ఆ చిన్న బిళ్లపై సహాయం పొందేవాని మతంగాని, పక్షంగాని రాసి లేదు. శరణార్థి ఆదరణకు ఎక్కడైనా ఉండవలసిన కొలబద్ద అదే.