థింసా వలయం బయట నిలబడి

అరకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఒక యాత్రా వ్యాసం రాయడం నాకు అలవాటు. నాకే కాదు, మనలో చాలామందికి అలవాటే. సొరంగాలు, మంచు తెరలు, పసుప్పచ్చటి వలిసె పూలు, కాఫీ తోటలు, బొంగులో చికెన్, చివర్లో మంట చుట్టూ థింసా. పోయిన చలికాలం కూడా వెళ్ళొచ్చాను. ఈసారి మాత్రం ఆ వ్యాసం రాయడం నా వల్ల కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నేను దెబ్బలాడేది ఎవరితోనో కాదు, మనతోనే.

ముందుగా ఒక మాట. ఆడవాళ్ళు ఊళ్ళు తిరగడాన్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. 1870ల్లోనే సముద్రం దాటి ఇంగ్లండు చూసొచ్చి, చూసింది రాసిన పోతం జానకమ్మ దగ్గర్నుంచి, ‘కాశ్మీర దీపకళిక’ రాసిన నాయని కృష్ణకుమారి దాకా మన ముందుతరం స్త్రీలు గడప దాటి లోకాన్ని తమ కళ్ళతో చూసి రాశారు. ఆ గడప దాటడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. పాతికేళ్ళ క్రితం నేను ఒంటరిగా ఒక కొండ ఊరికి వెళ్తే, ఒక్క ఆడమనిషికి రూమివ్వం అని లాడ్జి వాళ్ళు మొహమ్మీదే చెప్పారు. ఆ రాత్రంతా బస్టాండులో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మగాడికి ప్రయాణం సరదా, మనకి అది సాధించుకున్న హక్కు. ఆ హక్కుని వదులుకోమని ఎవరన్నా ఒప్పుకోను.

అయితే ఆ హక్కుతో వెళ్ళి మనం ఏం చూస్తున్నాం? ఎలా చూస్తున్నాం? నా గొడవంతా ఇదే.

ఐదుగురం స్నేహితురాళ్ళం సికింద్రాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్కి, పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజర్ పట్టుకున్నాం. ఒకటే నవ్వులు, ఒకటే పాటలు. ఇంట్లో వంటెవరు చేస్తారన్న ఆలోచన లేని మూడు రోజులు. అరకులో ఒకచోట ఆదివాసీ చీరలు, పూసలు, కడియాలు అద్దెకిస్తున్నారు. చీరని మోకాళ్ళ పైకి కట్టించుకుని, భుజం మీద ముడి వేయించుకుని, నెత్తిన కుండ పెట్టుకుని ఫోటోలు దిగాం. మాలో ఒకరు యూనివర్సిటీలో స్త్రీ అధ్యయనాలు బోధిస్తారు. ఒకరు వరకట్నం కేసుల మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నారు. నేను మగ చూపు గురించి కనీసం నాలుగు వ్యాసాలు రాసుంటాను. మాలో ఒక్కరికి కూడా ఆ క్షణంలో ఏమీ తప్పనిపించలేదు.

రాత్రి మేం దిగిన చోట థింసా ఆట పెట్టించారు. పన్నెండు పధ్నాలుగు మంది స్త్రీలు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పుల మోతకి అడుగులేస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. విపరీతమైన చలి. మేం శాలువాలు కప్పుకుని కుర్చీల్లో కూర్చున్నాం. వాళ్ళకి చెప్పుల్లేవు. పక్క కుర్చీల్లో ఎవరో మగవాళ్ళు తాగి, లేచి వెళ్ళి ఆ వరసలో దూరారు. ఒకడు చెయ్యి ఎక్కడ వేశాడో నేను చూశాను. ఆ అమ్మాయి అడుగు తప్పకుండా, వరసలో ఒక మనిషి అవతలికి జరిగిపోయింది. అంత అలవాటుగా జరిగింది! బస్సుల్లో మనం జరిగినట్టే.

ఆట అయ్యాక వరస మొదట్లో ఉన్న పెద్దామె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. బాగా ఆడారు అన్నాను. ఆమె నవ్వింది.

“పండక్కి ఆడితే ఒళ్ళు తెలీదమ్మా. ఇక్కడ ఆడితే కాళ్ళు నొప్పులు.”

ఎంతిస్తారని అడిగితే, అందరికీ కలిపి ఇచ్చే మొత్తం చెప్పింది. మా ఐదుగురి రాత్రి భోజనం ఖర్చులో సగం కూడా లేదది. తర్వాత తనే అడిగింది. “మీ ఊళ్ళో పండక్కి మీరూ ఆడతారా? చూడ్డానికి ఎవరొస్తారు?”

ఆ ప్రశ్న నన్ను తిన్నగా లష్కర్ బోనాలకి తీసుకెళ్ళింది. కొన్నేళ్ళ క్రితం ఆషాఢంలో నెత్తిన బోనం ఎత్తుకుని ఉజ్జయిని మహంకాళి గుడి వైపు నడుస్తుంటే, ఒకతను ఎదురుగా వచ్చి మొహంలో కెమెరా పెట్టాడు. అడగలేదు, పేరు కనుక్కోలేదు. నేను బోనం దించకుండానే అతని మీద అరిచాను. అప్పుడు నాకు కోపం రావడం న్యాయమే కదా! మరి అరకులో నా చేతిలో ఉన్న ఫోన్ సంగతేంటి? 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారుల్ని రామప్ప గుడికి తీసుకెళ్ళి, మన స్త్రీల చేత వాళ్ళ కాళ్ళు కడిగించినప్పుడు మనమంతా మండిపడ్డాం. మండిపడాల్సిందే. కానీ అక్కడ కుర్చీలో కూర్చున్నది పరాయి దేశపు అందగత్తె కాబట్టి మనకి తేలిగ్గా కనపడింది. అరకులో ఆ కుర్చీలో కూర్చున్నది మనం. అందుకని కనపడలేదు.

“టూరిజం వల్ల వాళ్ళకి నాలుగు డబ్బులొస్తున్నాయి కదా, నువ్వు మరీ చేస్తావు” అంది రైల్లో ఒక స్నేహితురాలు. నిజమే, వస్తున్నాయి. వలిసె చేలల్లోకి మనం దిగి తొక్కేస్తుంటే, ఫోటోకింత అని వసూలు చేస్తున్న రైతుల్ని చూసి నాకు ముచ్చటేసింది. కానీ నాలుగు డబ్బులు ఆమెకొస్తే మిగతావి ఎవరికి పోతున్నాయి? ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని 1/70 చట్టం చెప్తోంది. బినామీ పేర్లతో లాడ్జీలు లేస్తున్నాయని ఆదివాసీ సంఘాలు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాయి. మనం రూము బుక్ చేసుకునేటప్పుడు వేడినీళ్ళు వస్తాయా అని అడుగుతాం గానీ, ఈ నేల ఎవరిదని ఏనాడైనా అడిగామా?

మనం మైమరచిపోయే ఆ రైలు దారినే తీసుకోండి. అద్దాల బోగీ 2017లో వచ్చింది. దారి మాత్రం మన కోసం వేసింది కాదు. బైలాదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపానుకి పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. బొర్రా గుహల్లో మనం నోరు తెరుచుకుని చూస్తామే, ఆ అనంతగిరి మండలంలోనే నిమ్మలపాడు ఉంది. అక్కడి భూముల్ని ఖనిజం కోసం ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే, ఆదివాసీలు కోర్టుకెక్కారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి భూమి లీజుకివ్వకూడదని 1997 జూలైలో సుప్రీం కోర్టు చెప్పిన సమత తీర్పు ఆ కొండల్లోంచి పుట్టిందే. ఘాట్ రోడ్డు మలుపులు మన వ్యాసాల్లో ఎన్నిసార్లు వచ్చాయి? నిమ్మలపాడు ఎన్నిసార్లు వచ్చింది?

ఇక వాకపల్లి. అదే కొండల్లో, జి.మాడుగుల మండలంలో ఉంది. 2007 ఆగస్టు 20న కూంబింగుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోదు స్త్రీలు ఫిర్యాదు చేశారు. అప్పుడు మనం వ్యాసాలు రాశాం, ధర్నాల్లో కూర్చున్నాం. కేసు హైకోర్టు, సుప్రీం కోర్టు తిరిగి, 2017లో సుప్రీం కోర్టు విచారణ జరపమన్నాక గానీ కదల్లేదు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు చేసినవాళ్ళు సరిగ్గా చెయ్యలేదని తనే అంటూ, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్ళు దాటాక వాళ్ళకి దక్కింది అది. ఆ తీర్పు వచ్చిన ఏడాది మనలో ఎంతమందిమి రాశాం? నేను రాయలేదు. ఆ ఏడాది నేను రాసింది అరకు కాఫీ గురించి. సిగ్గుపడుతూ చెప్తున్నాను.

థింసా ఆడుతుంటే అందంగా ఉన్న ఆ స్త్రీ, కేసు పెట్టాక నమ్మదగని మనిషైపోతుంది. నెలలు నిండి, రోడ్డు లేక డోలీలో కొండ దిగుతున్నప్పుడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త అవుతుంది. దృశ్యంగా ఉన్నంతసేపే ఆమె అందరికీ కావాలి. మనల్ని కూడా ఈ సమాజం ఇలాగే చూసింది కదా! కవుల వర్ణనల్లో నెత్తిన పెట్టుకుని, నోరు తెరిస్తే గయ్యాళి అంది. దాన్ని తిప్పికొట్టడానికే కదా మనం కలం పట్టింది! ఆ పాత చూపుని మనమే కొండ మీదికి మోసుకెళ్ళి, ఇంకో స్త్రీ మీద పెడితే దానికి స్త్రీల యాత్రా సాహిత్యం అని పేరెలా పెట్టుకుంటాం?

ప్రయాణాలు మానేద్దామా మరి? వద్దు. తప్పకుండా వెళ్దాం. ఆట చూసి బాగుందన్నప్పుడు ఆడినందుకు ఎంతిచ్చారో కనుక్కుందాం, సరిపోదని యజమానితో పోట్లాడదాం. తాగి వరసలో దూరినవాణ్ణి అక్కడే లేచి ఆపుదాం. నేనా రాత్రి లేవలేదు. సంతలో కొండచీపుర్లు, అడ్డాకులు కొనేటప్పుడు బేరం ఆడకుండా ఉందాం. ఫోటోకి ముందు అడుగుదాం, వద్దంటే మానేద్దాం. అన్నిటికంటే ముఖ్యం, మన పత్రికల్లో అరకు గురించి రాసే చోటు కొంత ఖాళీ చేద్దాం. ఆ ఏజెన్సీలో ఇప్పుడు చదువుకున్న అమ్మాయిలున్నారు, టీచర్లున్నారు, నర్సులున్నారు. తమ కొండల గురించీ, మన గురించీ వాళ్ళేం రాస్తారో చదివే ధైర్యం మనకుందా?

చైత్ర మాసంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకి పోతే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి పండగ డబ్బులు వసూలు చేస్తారు. ఒట్టి చేతుల్తో తిరిగొచ్చిన మగాళ్ళ మీద పేడ నీళ్ళు చల్లుతారు. “పండక్కి ఆడితే ఒళ్ళు తెలీదమ్మా” అని ఆమె చెప్పింది ఆ పండగ గురించే. ఈసారి నేను ఆ రోజుల్లోనే వెళ్ళాలనుకుంటున్నాను. మా బండిని ఆమె ఆపుతుంది. ఎంతివ్వాలో, దిగాలో వద్దో, ఆడాలో వద్దో ఆమే చెప్తుంది. ఆ తర్వాత, రాయాలనిపిస్తే రాస్తాను.