కోరంగి మడ అడవి: పేదల వాటా ఎప్పుడూ పల్లమేనా?

సెలవులొస్తే చాలు, ఫోన్ల నిండా కోరంగి ఫోటోలే. చెక్క వంతెన మీద సెల్ఫీలు, బోటు షికారు, బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడ వేర్లు. వెళ్ళండి మిత్రులారా, పిల్లల్నీ తీసుకెళ్ళండి. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. 1978లో ప్రకటించారు. చేపలు పట్టే నీటిపిల్లి, నీటికుక్కలు తిరిగే చోటు. నా పేచీ చూడటంతో కాదు, చూసే తీరుతో.

నేను క్లాసులో చెప్పే ప్రబంధాల్లో వనవర్ణనలుంటాయి. చెట్ల పేర్లు వరసగా వస్తాయి, నాయిక చెలికత్తెలతో పూలు కోయడానికి వస్తుంది. కట్టెలమోపు ఎత్తుకున్న మనిషి మాత్రం రాదు. ఇవాళ్టి టూరిజం చూపు కూడా అదే. నల్లమడ, తెల్లమడ, తిల్ల అని మనం పలుకుతున్న పేర్లు ఏ వృక్షశాస్త్ర పుస్తకంలోంచీ రాలేదు. మోకాలి లోతు బురదలో పీతలు పట్టినవాళ్లు, కట్టె కొట్టుకున్నవాళ్లు, పశువుల్ని తోలుకెళ్ళినవాళ్లు పిలుచుకున్న పేర్లవి. తిల్లపాలు పడితే కళ్లు మూసుకుపోతాయని ముందు తెలిసింది వాళ్ల కళ్లకే.

కోరంగి అన్న మాటకీ చెమట వాసనుంది. ఒకప్పటి ఓడరేవు, 1839 తుఫానుతో చితికిపోయింది. ఈ తీరం నుంచి కూలికెళ్ళిన తెలుగువాళ్లని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ వాళ్లే. 1930లో అక్కడ సమ్మె చేశాక చెలరేగిన దాడుల్లో ఎక్కువగా చచ్చిపోయిందీ వాళ్లే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడచెట్లు కొట్టేసి నేల చదును చేశారు. పేదల ఇళ్ల స్థలాల కోసమట. గొడవ నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అప్పుడు చదువుకున్నవాళ్ల నోట విన్న మాట: "వీళ్లకి ఇళ్లివ్వడానికి అడవి పాడుచేస్తున్నారు." వీళ్లంటే ఎవరో వేరే చెప్పాలా? పేదలు అడిగింది ఇల్లు. ఎక్కడివ్వాలో తేల్చింది ప్రభుత్వం. మెరక మీద ఎకరాలున్నవాడిని కదిలించడం కష్టం. పోటు నీళ్లొచ్చే పర్రకి అడ్డుపడే కామందు ఉండడు.

ఇది కొత్తా? డెల్టా ఊళ్లలో తిరిగి చూడండి. చాలాచోట్ల మాలపల్లి, మాదిగపల్లి ఉండేది పల్లంలోనే, మురుగుకాలువ వారనే. మడ అలని విరుస్తుంది, మట్టిని పట్టి ఉంచుతుంది. దాన్ని నరికి అదే నేల మీద పట్టా ఇవ్వడమంటే ఇంటితోపాటు ఉప్పెనని కూడా రాసివ్వడమే. 1996 నవంబరు తుఫాను గోదావరి తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ సంగతి మన పెద్దవాళ్లని అడగండి.

"పేదలు నరకలేదా?" అంటారు. నరికారు, పొయ్యిలోకి. మడ కొమ్మ కొడితే మళ్ళీ చిగురేస్తుంది. గట్టు వేసి పోటునీళ్లు ఆపేసిన రొయ్యల చెరువులో మడ మొలవదు. తీరం వెంబడి రొయ్యల చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ పిటిషన్ వేసినాయన తమిళనాడులో దళిత కూలీల భూమి కోసం పోరాడిన జగన్నాథన్. ఆయన సహచరి కృష్ణమ్మాళ్ దళిత ఇంటి బిడ్డ. 2005లో పార్లమెంటు చట్టం చేసి ఆ చెరువులకి దారి తెరిచింది. చెరువుల యజమానుల కోసం చట్టమే మారింది. మన ఇంటికి మాత్రం మెరక దొరకదు!

అందుకే అడవినీ పేదల ఇంటినీ పోటీ పెట్టే మాటని మనం ఒప్పుకోకూడదు. మడ ఉండాలి. దాని మీద బతికేవాళ్లకి చేపమీద, పీతమీద హక్కుండాలి. ఇళ్ల స్థలాలు ఊరి మెరక మీద, ప్రభుత్వం కొని ఇవ్వాలి. ఈ మూడూ ఒకే డిమాండు. ఒకటి వదులుకుంటే మిగతా రెండూ పోతాయి.

జై భీమ్.