టీచరుకూ ఫ్యాక్టరీకీ ఏమిటి సంబంధం?

ఇండియానా రాష్ట్రంలో మనవాళ్లు బాగానే ఉన్నారు. కార్మెల్, ఫిషర్స్‌లలో కాపురముంటూ ఇండియానాపోలిస్‌లో ఉద్యోగం చేసేవాళ్లు కొందరైతే, కొలంబస్‌లోని కమ్మిన్స్ ఇంజన్ల కంపెనీలో పనిచేసేవాళ్లు ఇంకొందరు. వీళ్ల పిల్లల్లో ఎక్కువమంది చదివేది పబ్లిక్ స్కూళ్లలోనే. అయినా ఆ స్కూళ్ల టీచర్ల లైసెన్సు గొడవ మన చెవిన పెద్దగా పడలేదు.

అక్కడ ఎక్కువమంది టీచర్లు అయిదేళ్లకోసారి 90 పాయింట్లు కూడబెట్టి లైసెన్సు రెన్యువల్ చేయించుకుంటారు. వాటిలో 15 పాయింట్లు స్థానిక ఉద్యోగావసరాలకు సంబంధించినవై తీరాలని 2019లో చట్టం తెచ్చారు. ఏదైనా కంపెనీలో కొన్నాళ్లు పని చూసి రావడం అందుకో మార్గం. టీచర్లు మండిపడ్డారు. ఆ ఏడాది నవంబరు 19న ఎర్రచొక్కాలతో వేలాదిగా ఇండియానాపోలిస్‌లోని చట్టసభ ముందుకొచ్చారు. జీతాలు, పరీక్షలతో పాటు ఇదీ వాళ్ల ప్రధాన ఫిర్యాదే. 2020లో 'తప్పనిసరి' కాస్తా 'ఇష్టమైతే'గా మారింది.

మారడమే న్యాయమని మేమంటాం. ఒకటో తరగతికి అక్షరాలు నేర్పే టీచరమ్మను సెలవుల్లో, పైసా ఇవ్వకుండా, ఫ్యాక్టరీ చుట్టూ తిప్పితే ఒరిగేదేముంది? అలాగని ఇష్టపడి వెళ్లిన టీచరుకు ఆ గంటలు లెక్కలో వేయకపోవడమూ అన్యాయమే. వార్సా ఊళ్లో మోకాలికీ తుంటికీ పెట్టే కృత్రిమ కీళ్లు తయారవుతాయి. ఎల్క్‌హార్ట్‌లో ఇల్లులా ఉండే ఆర్వీ బండ్లు, లఫాయెట్‌లో సుబారు కార్లు. ఇవి కళ్లారా చూసిన సైన్సు టీచరు, చేతిపనిలో నేర్పున్న పిల్లాడికి చెప్పే మాట వేరుగా ఉంటుంది. మన ఇళ్లలోనా? హైదరాబాదు నుంచి బాబాయిగారు ఫోన్లో చెప్పిన బ్రాంచే బ్రాంచి! కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో చదువుందని ఆ పిల్లాడికి చెప్పే మనిషి స్కూల్లోనైనా ఉండొద్దూ?

ఇంకో కోణం కూడా ఉంది. గుంటూరులోనో వరంగల్‌లోనో బీఈడీ చేసి, హెచ్-4 మీద వచ్చి ఇంట్లో కూర్చున్న ఆడపడుచులు మనలో ఎందరో. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకెళ్లిన వారికి 2015 నుంచి పని అనుమతి దొరికింది. అలాంటామె ఇక్కడి డిగ్రీలతో సమానమని రుజువు చేసుకుని లైసెన్సు సంపాదించినా, ఊళ్లో పరిచయస్తులుండరు. స్థానిక కంపెనీలో వారం గడిపితే పాయింట్లకన్నా ఆ పరిచయాలే ఎక్కువ అక్కరకొస్తాయి.

కంపెనీల్లో ఉన్న మనవాళ్లు ఓ పని చేయవచ్చు. పేరెంట్-టీచర్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక, మా ప్లాంటు చూడటానికి వస్తారా అని టీచర్లను అడగండి. ముందు మీ హెచ్ఆర్ వాళ్ల అనుమతి తీసుకోండి. వచ్చిన టీచర్లకు ఎన్ని గంటలున్నారో రాసి సంతకంతో కాగితం ఇప్పించండి. కంపెనీ ప్రచారం మాత్రం వాళ్ల నెత్తిన రుద్దనివ్వకండి.