చిన్న బడి మార్కులు ఎవరి లెక్క?

పాఠశాలల హేతుబద్ధీకరణ పేరిట కొన్నేళ్లుగా సాగుతున్న చర్చ అంతా రెండు అంకెల చుట్టూ తిరుగుతున్నది. బడిలో పిల్లలెందరు? వారిలో చదవడం, లెక్కలు చేయడం వచ్చినవారెందరు? ఇరవై మంది ఉన్న ప్రాథమిక పాఠశాలలో మొదటి అంకె చిన్నది, రెండోది తరచుగా నిరాశపరిచేది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, చిన్న బడిని పెద్ద బడిలో కలపడమే మేలని అధికార యంత్రాంగం తేల్చేస్తున్నది. అదే రిజిస్టరులో మూడో అంకె కూడా ఉంటుంది. ఆ పిల్లల్లో ఎస్సీలు, ఎస్టీలు, వెనుకబడిన కులాలవారు ఎందరన్నది ఏటా యూడైస్ ఫారంలో నింపుతూనే ఉన్నారు. ఉపకారవేతనాల లెక్కకు అక్కరకొచ్చే ఆ అంకె, బడి భవితవ్యాన్ని నిర్ణయించేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఇది ఏ మారుమూల పల్లెకో పరిమితమైన సమస్య కాదు. 2016–17 నాటికే దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సుమారు 28 శాతం బడుల్లో ముప్పై మందికన్నా తక్కువ పిల్లలున్నారని జాతీయ విద్యావిధానం–2020 పత్రం పేర్కొన్నది. 2024–25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. అందులో 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమస్థానం. ఒక్క విద్యార్థి కూడా లేని బడుల సంఖ్యలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం 2,245 బడులతో తెలంగాణది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ జాబితాల్లో ముందువరసన నిలవడం యాదృచ్ఛికమని ఎవరూ అనుకోరు.

బడి ఒక్కరోజులో చిన్నది కాదు. అది ఖాళీ అయ్యే క్రమానికి కులం ఉన్నది. మొదట భూమి ఉన్న కులాల పిల్లలు ప్రైవేటు బడి వ్యాను ఎక్కారు. వారిని చూసి చేతిలో కాస్త డబ్బు ఆడే ఇతర కులాలవారు, అప్పు చేసైనా ఫీజు కట్టగలమనుకున్న దళిత కుటుంబాలు ఆ దారి పట్టాయి. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలిగిన చోట కొడుకు వ్యాను ఎక్కాడు, కూతురు ఊరి బడిలో ఉండిపోయింది. చురుకైనవారిని ప్రవేశపరీక్ష ద్వారా ఐదో తరగతిలోనే గురుకులాలు తీసుకుపోయాయి. కూలీల పిల్లలు, వలసపోయి వచ్చేవారి పిల్లలు, సంచారజాతుల పిల్లలు, ఇంట్లో తొలిసారి పలక పట్టినవారు మిగిలారు. ఇన్ని జల్లెడలు పట్టిన తర్వాత మిగిలిన పిల్లల మార్కులను తీసుకొని, పక్క మండలకేంద్రంలోని ప్రైవేటు బడి మార్కులతో పోల్చి, ప్రభుత్వ బడి విఫలమైందని తీర్పు చెప్పడం ఏ లెక్క ప్రకారం న్యాయం?

ఈ పోలిక ఎంత లోపభూయిష్టమో మన గడ్డమీద జరిగిన పరిశోధనే నిరూపించింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో అధ్యయనం చేశారు. ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు సమకూర్చారు. నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే తెలుగులో, గణితంలో ప్రైవేటుకు వెళ్లినవారికీ వెళ్లనివారికీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వెళ్లినవారు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి తక్కువ సమయం కేటాయించి, ఒక్కో విద్యార్థిపై మూడోవంతుకన్నా తక్కువ ఖర్చుతోనే ఆ ఫలితం సాధించాయన్నది కూడా నిజం. ప్రభుత్వ బడి పనితీరు మెరుగుపడాలనే వాదనకు అది బలమిస్తుంది. అయితే పైకి కనిపించే మార్కుల అంతరంలో అధికభాగం పిల్లల ఇంటి నేపథ్యం నుంచి వచ్చిందే తప్ప బడి నుంచి వచ్చింది కాదన్న వాస్తవాన్ని అది తుడిచివేయదు.

చిన్న బడిలో శాతాల లెక్క మరో మాయ. మూడో తరగతిలో నలుగురు పిల్లలుంటే, ఒక్కరు పత్తి ఏరడానికి తల్లితో పోయి పరీక్ష తప్పితే ఫలితం 25 శాతం పడిపోతుంది. మరుసటి ఏడు ఒక్కరు బాగా చదివితే అంతే ఎగబాకుతుంది. అందుకే అత్యుత్తమ బడుల జాబితాలోనూ, అధ్వాన్నపు బడుల జాబితాలోనూ చిన్న బడులే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్క ఏడాది ఫలితం చూసి అలాంటి బడిని మూసివేయడం గణితం తెలియకపోవడమే.

ఇక బోధన సంగతి. విద్యాహక్కు చట్టం–2009 షెడ్యూలు ప్రకారం, ఒకటి నుంచి ఐదు తరగతులున్న బడిలో అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాల అంటే చట్టం నిర్దేశించిన కనీసానికి సగం. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి అనుకుంటే రోజుకు పద్దెనిమిది పాఠాలు. వాటికి తోడు మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో హాజరు, ఫొటోలు. ఆ ఒక్క ఉపాధ్యాయుడు సెలవు పెడితే, శిక్షణకు పోతే బడికి తాళమే. చట్టాన్ని ఉల్లంఘించింది ప్రభుత్వం. తక్కువ మార్కుల నింద పడేది పిల్లలమీద, వారి కులంమీద.

ఆ నింద తరగతి గదిలో ఏం చేస్తుందో కూడా పరిశోధకులు కొలిచారు. ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే గ్రామీణ విద్యార్థులకు కాగితం మీద చిక్కుదారుల పొడుపులు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల బాలురకూ, దళిత బాలురకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు కులం పేరు చదివి మొదలుపెడితే దళిత బాలుర ఫలితం గణనీయంగా పడిపోయింది. రీమా హన్నా, లీ లిండెన్ చేసిన మరో అధ్యయనంలో, జవాబుపత్రాల మీద కులాన్ని యాదృచ్ఛికంగా మార్చి రాసి ఉపాధ్యాయుల చేత దిద్దించారు. కింది కులం పేరున్న పత్రాలకు స్వల్పంగానైనా తక్కువ మార్కులే పడ్డాయి. బ్రాకెట్లో ‘హరిజనవాడ’ అనో, ‘ఎస్సీ కాలనీ’ అనో రాసి ఉన్న బోర్డు కింద రోజూ నడిచే పిల్లల విషయంలో ఈ మాటలకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

చిన్న బడుల విలీనం కొత్త ఆలోచన కాదు. 1929లోనే హార్టాగ్ కమిటీ బడుల సంఖ్య పెంచడం మాని, ఉన్నవాటిని పటిష్టం చేయాలన్నది. ఊరి బడిలోకి రానివ్వని పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు ఇసామియా బజారులో 1910లో బడి పెట్టిన చరిత్ర అప్పటికి రెండు దశాబ్దాలది కూడా కాలేదు. ఎవరి బడి పుట్టనే లేదో, వారి బడినే ముందుగా తగ్గించమనడం ఆనాటి నీతి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు దూరంలోని ఉన్నత పాఠశాలలకు తరలించింది. 2025లో మరో ప్రభుత్వం దాన్ని రద్దు చేసి తొమ్మిది రకాల బడుల వర్గీకరణ తెచ్చింది. ప్రభుత్వాలు మారినా, బడిని తలల లెక్కతో కొలిచే కొలబద్ద మారలేదు.

ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. వాడ పిల్లలు వాడలోనే చదవడం వెలిని కొనసాగించడం కాదా? కలిసి చదివితే మంచిది కాదా? మంచిదే. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కోరిన పొరుగుబడి అదే: ఆ ప్రాంతంలోని పిల్లలందరూ కులం, ఆదాయం తేడా లేకుండా ఒకే చోట చదవడం. కానీ నేటి విలీనంలో ఊరి పెత్తందారీ కులాల పిల్లలు ఆ పెద్ద బడిలోనూ లేరు. వారు ఏనాడో వెళ్లిపోయారు. వాడలో మిగిలిన పేదలను ఊళ్లో మిగిలిన పేదలతో కలపడానికి సమైక్యత అని పేరు పెట్టడం మోసం. పైగా ఆ కలయికకు మూల్యం చెల్లించేది హైవే దాటి నడవవలసిన ఆరేళ్ల పాప.

కనుక చేయవలసింది స్పష్టం. పిల్లలు ఎంతమందైనా ఏ ప్రాథమిక పాఠశాలలోనూ ఇద్దరికన్నా తక్కువ ఉపాధ్యాయులు ఉండకూడదు. బడి ఫలితాలను పిల్లల సామాజిక కూర్పుతో కలిపి ప్రచురించాలి. ఏడాది మొదట్లో బిడ్డ ఎక్కడున్నాడు, చివరకు ఎక్కడికి చేరాడు అన్నదే కొలమానం కావాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండవలసిన పాఠశాల యాజమాన్య కమిటీ సమ్మతి లేనిదే ఏ బడినీ కదిలించరాదు. కదిలిస్తే ఉచిత రవాణా ముందు, ఉత్తర్వు తర్వాత రావాలి. బోర్డుల మీది కులం పేర్లు తక్షణం చెరిపివేయాలి.

రిజిస్టరులోని మూడో అంకెను కూడా చదవగలిగితేనే మొదటి రెండు అంకెలకు అర్థం తెలుస్తుంది. ఆ పని చేయకుండా చిన్న బడికి మార్కులు వేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు.