సంపాదకుని మాట: బిడ్డ ముక్కుకు నప్పే జోడు

2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం నాడు, అనంతపురంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘వైఎస్సార్ కంటి వెలుగు’ మొదలైంది. తొలి విడత పరీక్షలు బడిపిల్లలకే. తలుపుల లాంటి గ్రామీణ మండలాల్లో కంటి పరీక్ష బడి దాకా రావడం చిన్న సంగతి కాదు. అయితే కళ్లజోడు కావాలన్న చీటీ చేతికొచ్చాకే ఇంటివాళ్ల పని మొదలవుతుంది.

ఎదిగే బిడ్డ కదా అని బట్టలు కొన్నట్టే ఒక సైజు పెద్ద ఫ్రేము కొంటారు. వద్దు. అది జారుతుంది, బిడ్డ అద్దాల పైనుంచి చూడటం మొదలుపెడుతుంది. కనుపాప అద్దం నడుమకు దగ్గరగా ఉండాలి. చిన్నపిల్లల ముక్కు దూలం ఇంకా ఎత్తు తేలదు గనుక మెత్తని సిలికాన్ ప్యాడ్లుంటే జోడు నిలుస్తుంది. గాజు కాకుండా పాలికార్బొనేట్ అద్దాలు అడగండి. బంతి తగిలినా అంత సులువుగా పగలవు. రంగు మాత్రం బిడ్డకే వదిలేయండి. నచ్చని జోడు పుస్తకాల సంచిలోనే ఉండిపోతుంది.

ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలు రావని వెనకాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ మాట విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. జోడు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందన్నదీ అపోహే. పెట్టాల్సిన వయసులో పెట్టకపోతే కన్ను మందగించి, పెద్దయ్యాక అద్దాలతోనూ సరికాకపోవచ్చు. ఏడేళ్లలోపు చికిత్స బాగా పనిచేస్తుంది.

ఈ రోజే మీ పిల్లల చేత ఒక్కో కన్ను మూయించి, గోడ మీది క్యాలెండరు దూరం నుంచి చదివించండి. తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.