గని కంచెకు ఇవతలి రోగి

ఇల్లెందు నుండి కొత్తగూడెము పోవు దారిలో టేకులపల్లి మండలమున్నది. భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని ఏజెన్సీ ప్రాంతమిది. కోయలు, లంబాడీలు విస్తారముగా నివసించు అడవి అంచు. ఈ మండలములోని కోయగూడెము ఓపెన్‌కాస్టు గని నుండి సింగరేణి సంస్థ ఏండ్ల తరబడి బొగ్గు తీసినది. నేల ఒకటే, నీరు ఒకటే, దుమ్ము ఒకటే. అయినను ఈ నేలమీద జ్వరపడిన ఇరువురు మనుష్యులకు రెండు న్యాయములు నడచుచున్నవి. ఒకడు సింగరేణిలో పర్మినెంటు కార్మికుడు. అతనికి గాని, అతని భార్యాబిడ్డలకు గాని జబ్బు చేసినయెడల ఇల్లెందులోనో కొత్తగూడెములోనో కంపెనీ ఆసుపత్రి కలదు. అక్కడ పరీక్షలకును మందులకును డబ్బు అడుగువారు లేరు. అక్కడ కుదరని వైద్యమునకు కంపెనీయే హైదరాబాదు పంపి ఆ వ్యయమును తానే భరించును. రెండవవాడు అదే ఊరిలో పత్తి పండించుకొనువాడు, లేదా కూలి చేసుకొనువాడు. వానికి జబ్బు చేసినప్పుడు వైద్యునికంటె ముందు అప్పు ఇచ్చువానిని వెదకుకొనవలెను.

కార్మికునికి గల సదుపాయమును చూచి ఓర్వలేక మేమీమాట వ్రాయుట లేదు. అది వారు తరతరములుగా పోరాడి నిలుపుకొన్న హక్కు. బొగ్గుదుమ్ము మనిషి ఊపిరితిత్తులను ఏమి చేయునో ఎరిగినవారెవ్వరును దానిని దయాధర్మమనజాలరు. మేము చెప్పదలచినది ఇంతే: రోగి చేతిలో పైకమున్నదా లేదా యని చూడక వైద్యము చేయుట మన దేశములో సాధ్యపడదని పెద్దలు తరచుగా సెలవిచ్చుచుందురు. ఆ సాధ్యపడని పని ఈ మండలము ప్రక్కనే ప్రతిదినమును జరుగుచున్నది. దానిని జరుపునది రాష్ట్రప్రభుత్వమునకు 51 వంతులు, కేంద్రమునకు 49 వంతులు గల ప్రభుత్వ సంస్థయే.

అప్పు ఎట్లు పుట్టుచున్నదో చూడుడు. జ్వరము వచ్చిన మొదటి దినమున గ్రామీణుడు పోవునది ఆరెంపీ వద్దకు. అతడు చేరువలో నుండును, వేళకాని వేళ పలుకును, అన్నిటికంటె ముఖ్యముగా అరువు పెట్టును. సూదిమందు, సెలైను సీసా, మూడు దినముల బిళ్లలు. ఇంతవరకు చేబదులుతో గడచును. తగ్గనిచో పట్టణములోని ప్రైవేటు ఆసుపత్రికి చీటి వ్రాసియిచ్చును. ఆ చీటికి కమీషను ముట్టుట యున్నదని ఎల్లరు నెరిగినదే. పట్టణములో మొదట రక్తపరీక్ష, తరువాత స్కానింగు, ఆ తరువాత అడ్వాన్సు. ఆటో కిరాయి వేరు, తోడుపోయినవాని కూలి పోవుట వేరు, అన్నము ఖర్చు వేరు. 2023 డిసెంబరు నుండి తెలంగాణములో స్త్రీలకు ఆర్టీసీ బస్సు ప్రయాణము ఉచితము గనుక రోగి స్త్రీయైనచో బస్సు ఖర్చైనను మిగులును. పురుషుడైనచో అదియును లేదు. ఇంటిలో ఎవరికి జబ్బు చేసిన లాభమో కూడ ఆలోచించుకొనవలసిన కాలమిది!

ఆరోగ్యశ్రీ యున్నది గదా యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది, దాని మేలును మేము తక్కువ చేయము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున డాక్టరు వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము దీనిని ప్రారంభించినది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు పది లక్షల రూపాయల వరకు దీని పరిమితిని పెంచినది. గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని బ్రదికి వచ్చిన పేదలు ప్రతి తాలూకాలోను కలరు. కాని ఈ పథకము ప్రధానముగా ఆసుపత్రి మంచముమీద పరుండినవానికి వర్తించునది. మంచమెక్కకముందు చేయించిన పరీక్షలును, మంచము దిగిన తరువాత నెలనెలా కొనవలసిన మందులును చాలవరకు దాని వెలుపల నిలిచిపోవుచున్నవి. రక్తపుపోటు, చక్కెర వ్యాధి, గిరిజనులను పీడించు సికిల్‌సెల్ రక్తహీనత, ఇవి ఒక్క శస్త్రచికిత్సతో తీరునవా? జీవితాంతము కొద్దికొద్దిగా డబ్బు త్రాగునవి. పైగా ప్రభుత్వము బకాయిలు చెల్లించలేదని 2025లో ప్రైవేటు ఆసుపత్రులు కొన్నాళ్లు ఈ సేవలనే నిలిపివేసినవి. అట్టి సమయమున కార్డు చేతబట్టుకొని వెళ్లినవాడు ఏమి చేయవలెను?

లెక్కలు కొన్ని చెప్పక తప్పదు. జాతీయ నమూనా సర్వే వారు 2017-18లో జరిపిన విచారణలో, ప్రసవములను మినహాయించి, ఒక్కసారి ఆసుపత్రిలో చేరిన రోగికి సగటున ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలును, ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలును వ్యయమైనట్లు తేలినది. ఈ రెండవ మొత్తమును పల్లెటూరివాడు మూడు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. మూడు రూపాయల వడ్డీ యనగా నూటికి నెలకు మూడు, ఏడాదికి ముప్పదియారు. నెలకు వడ్డీయే 955 రూపాయలు. అసలులో ఒక్క పైసయు తీరదు. రెండేండ్లు గడచునప్పటికి వడ్డీ క్రింద ఇరువదిరెండు వేల తొమ్మిదివందలు పోయి, అసలు అసలుగానే కూర్చుండును.

ఏజెన్సీలో మరియొక విశేషము కలదు. 1/70 చట్టము వలన ఇక్కడ భూమి గిరిజనేతరునికి బదిలీ కానేరదు. ఆ చట్టము ఉండవలసినదే. అయితే భూమిని చూపి అప్పు తేలేనివాడు రాబోవు పంటను చూపును. పెట్టుబడి ఇచ్చు వ్యాపారి వద్దనే వైద్యమునకును చేయిచాచును. పత్తి చేతికి రాగానే ఆ వ్యాపారి చెప్పిన ధరకు ఆయన కాటాకే తూచును. ఈ అప్పునకు పత్రము లేదు, బ్యాంకు లేదు, ప్రభుత్వ లెక్క లేదు. పత్తి అప్పులో వైద్యపు అప్పు కలిసిపోయి, దాని పేరే మాసిపోవుచున్నది.

ఈ విషయమున అమెరికా మనకు పూర్తిగా విపరీతము. అచ్చట ప్రతి డాలరును కాగితముమీద కెక్కును. 2022లో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థవారు ప్రజల పరపతి నివేదికలలో నమోదైన వైద్యఋణమే 8,800 కోట్ల డాలర్లని ప్రకటించిరి. ఆ దేశము దరిద్రమై ఇట్లు జరుగుచున్నదా? 2023లో తన జాతీయోత్పత్తిలో నూటికి 17.6 పాళ్లు ఆరోగ్యముపై వ్యయము చేసిన దేశమది! భీమా గలవాడు కూడ అచ్చట ఋణగ్రస్తుడగుచున్నాడు. భీమా పలుకుటకు ముందు రోగియే చెల్లించుకొనవలసిన మొత్తము వేలకొలది డాలర్లుండును. ఈ ఋణములను పరపతి నివేదికలనుండి తొలగించుటకు 2025 జనవరిలో చేసిన నిబంధనను అదే సంవత్సరము జూలైలో టెక్సాసులోని ఫెడరలు న్యాయస్థానము కొట్టివేసినది. మన ఖమ్మము జిల్లానుండి, కృష్ణా గుంటూరు జిల్లాలనుండి పోయి అచ్చట స్థిరపడిన తెలుగువారు దీనిని చక్కగా నెరుగుదురు. తల్లిదండ్రులను చూడరమ్మని పిలుచునప్పుడు విమానపు టిక్కెట్టుతోపాటు ప్రయాణపు భీమాను కొందురు. పాత జబ్బులకు ఆ భీమా సాధారణముగా వర్తించదని తెలిసి బిక్కుబిక్కుమనుచుందురు. చదువుకొనబోయిన బాలుడు ప్రమాదమున గాయపడిన వార్త వెంటనే చందాల విన్నపము కూడ వచ్చుచుండుట మనము చూచుచునే యున్నాము.

బొగ్గు ప్రసక్తితో నారంభించితిమి గనుక వేల్సు దేశపు ట్రెడీగరు పట్టణమును చెప్పవలెను. అదియును ఇల్లెందువలె బొగ్గు ఊరే. అచ్చటి గనిపనివారు పందొమ్మిదవ శతాబ్దాంతముననే తమ వేతనములోనుండి కొన్ని పెన్నీలు చొప్పున కూర్చి వైద్యసహాయ సంఘమొకటి నడపుకొనిరి. క్రమక్రమముగా గనితో సంబంధములేని పట్టణవాసులును అందులో చేరిరి. అనగా కంచె తొలగినది. బాల్యముననే గనిలో దిగిన అన్యూరిన్ బెవాన్ ఆ ఊరివాడు. ఆరోగ్యమంత్రియైన పిదప తన ఊరి పద్ధతినే దేశమున కంతటికిని విస్తరింపజేసి, 1948 జూలై 5న బ్రిటిషు జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించెను. మూడేండ్లకే కండ్లజోళ్లకును కట్టుడుపండ్లకును రుసుము పెట్టుటకు ప్రభుత్వము తలపెట్టగా ఆయన మంత్రిపదవినే వదలుకొనెను. ఇప్పుడు ఆ సేవలో లోపములు లేవా? ఇంగ్లండులో చికిత్సకై వేచియుండు జాబితా ఇటీవలి సంవత్సరములలో డెబ్బది లక్షలను దాటినది. వేచియుండి బాధపడుట చిన్న బాధయని మేమనము. కాని అచ్చటి రోగి ఆసుపత్రి బిల్లుకై ఇల్లు అమ్ముకొనుట లేదు.

ఇంగ్లండు ధనిక దేశము, దానితో మనకు పోలికయా యనువారు థాయిలాండును చూడవలెను. 2001లో ఆ దేశము సందర్శనకు 30 బాత్‌ల రుసుముతో అందరికిని వైద్యము నిచ్చు పద్ధతిని ఆరంభించి, 2002లో దానిని శాసనము చేసినది. అప్పటికి అది ధనిక దేశము కాదు. అయితే అంతకు దశాబ్దముల ముందునుండియే జిల్లాజిల్లాకు ఆసుపత్రులు కట్టి, కొత్తగా చదివి వచ్చిన వైద్యులను నిర్బంధముగా ప్రభుత్వసేవకు పంపుచుండెను. ముందు ఆసుపత్రి, తరువాత కార్డు! మన ప్రభుత్వములు కార్డును ముందిచ్చి, ఆసుపత్రిని ప్రైవేటువారి వద్ద వెదకుకొమ్మన్నవి.

మనకీ జ్ఞానము లేకపోలేదు. 1946లోనే సర్ జోసెఫ్ భోర్ సంఘము, డబ్బు చెల్లింపలేని కారణమున ఏ వ్యక్తికిని వైద్యము అందకపోరాదని ఎలుగెత్తి చెప్పినది. 2017 నాటి జాతీయ ఆరోగ్యవిధానము ప్రభుత్వవ్యయమును 2025 నాటికి జాతీయోత్పత్తిలో నూటికి రెండున్నర పాళ్లు చేయుదుమన్నది. 2021-22లో అది 1.84 వద్ద నున్నది. ప్రజలు నేరుగా జేబునుండి పెట్టుకొను పాలు 2013-14లో నూటికి 64 కాగా 2021-22 నాటికి 39కి దిగినది. దిగుట సంతోషమే. కాని సగటు దిగినంతమాత్రమున అడవి అంచున నున్నవానికి దిగినదని నమ్ముటకు మాకు ధైర్యము చాలదు.

2022లో కొత్తగూడెమునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. టేకులపల్లి రోగి హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు పైగా పోవలసిన అవసరము దీనితో కొంతయైనను తగ్గవలెను. ఇక డబ్బు సంగతి. 2015లో గనుల శాసనమును సవరించి జిల్లా ఖనిజ నిధి నేర్పరచిరి. గనుల తవ్వకమువలన బాధితులైన ప్రాంతములకు ఆ ధనము చెందవలెను. అందులో నూటికి 60 పాళ్లకు తగ్గకుండ త్రాగునీరు, ఆరోగ్యము, విద్య మొదలగు ప్రధాన విషయములకు వినియోగింపవలెనని అదే సంవత్సరపు కేంద్ర మార్గదర్శకములు నిర్దేశించినవి. ఇది కోయగూడెము బొగ్గునుండియు పుట్టిన ధనము. దీనిలోనుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు రక్తపరీక్షల యంత్రమును, ఏడాది పొడుగున రక్తపుపోటు చక్కెర మందులను, రాత్రివేళ నుండు వైద్యుని ఏర్పాటుచేయుట ఎంతటి పని? సింగరేణి యాజమాన్యము ఇల్లెందు ఆసుపత్రిలోని బయటి రోగుల విభాగమును గని ప్రభావిత గ్రామములవారికి వారమున కొన్ని దినములైనను తెరచుటకు అడ్డేమి? జిల్లా కలెక్టరుగారు ఖనిజ నిధినుండి ఈ మండలపు వైద్యమునకు వ్యయమైన మొత్తమును సంవత్సరము వారీగా తెలుగున ముద్రించి పంచాయితీ కార్యాలయము గోడకు అంటింపవలెనని మేము కోరుచున్నాము. ఆ కాగితమును చూచిన పిదప గ్రామసభలో అడుగవలసిన ప్రశ్నలను టేకులపల్లి ప్రజలే అడుగగలరు.